వేషం, విశ్వాసం, శాసనం: ఎన్.టి. రామారావు పాలనపై ఒక పరిశీలన

1. ఫిల్మ్‌నగర్‌లో, జూబ్లీహిల్స్‌లో కొత్త సినిమా మొదలయ్యే రోజున సాధారణంగా స్క్రిప్టును దేవుడి పటాల ముందు పెట్టి, పసుపు కుంకుమ అద్ది, కొబ్బరికాయ కొట్టాకే తొలి షాట్‌కు క్లాప్ పడుతుంది. ఆ పూజలో నిలబడిన వారి సొంత విశ్వాసం ఏమిటని ఎవరూ ఆరా తీయరు. అదే పరిశ్రమ నుంచి ఒకరు పాలకుడైతే మాత్రం ఆయన కట్టిన వేషం, తొడిగిన వస్త్రం ఆయన మతదృష్టికి రుజువులుగా చెలామణి అవుతాయి. ఎన్.టి. రామారావు విషయంలో ఈ వాదానికి రెండు రూపాలున్నాయి. ప్రజలు తెర మీది దేవుణ్ణి చూసి ఓటేశారన్నది ఒకటి. ఆయన పాలన ఆయన భక్తికి కొనసాగింపు అన్నది రెండోది. రెండింటికీ కావలసిన సాక్ష్యాలు వేరు కనుక విడివిడిగానే చూడాలి.

2. మొదటి వాదానికి ఆధారం లేకపోలేదు. ‘మాయాబజార్’ (1957)లో కృష్ణుడు, ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ (1960)లో శ్రీనివాసుడు, ‘లవకుశ’ (1963)లో రాముడు ఆయనే. తిరుమల యాత్రికులు మద్రాసు వెళ్లి ఆయన ఇంటి ముందు నిలబడేవారన్న కథనం విస్తృతంగా ప్రచారంలో ఉంది. అయితే కృష్ణ పాత్ర ఎన్నిసార్లు వేశారన్న లెక్కే ఒక్కో జాబితాలో ఒక్కో తీరుగా కనిపిస్తుంది. పాటలోనో కలలోనో కాసేపు కనిపించిన సందర్భాలను కలపడం, వదిలేయడం ఇందుకు కారణం కావచ్చు. పైగా ‘భూకైలాస్’ (1958)లో రావణుడు, ‘దాన వీర శూర కర్ణ’ (1977)లో దుర్యోధనుడు కూడా ఆయనే. వేషం విశ్వాసానికి సాక్ష్యమైతే ఈ పాత్రలనూ లెక్కలో వేయాలి.

3. 1983 ఎన్నికల్లో రామారావు గెలుపునకు ఇతర కారణాలు బలంగానే ఉన్నాయి. 1978 నుంచి అయిదేళ్లలో కాంగ్రెస్ నలుగురు ముఖ్యమంత్రులను చూపింది. ఆత్మగౌరవ నినాదం, రెండు రూపాయలకు కిలో బియ్యం హామీ తోడయ్యాయి. ఇక 1989లో అదే నటుడి పార్టీ అధికారం కోల్పోయింది. ఆయన స్వయంగా కల్వకుర్తిలో ఓడారు. కనుక దైవరూపం ఓటుకు దోహదం చేసి ఉండవచ్చు గాని, దాన్నే ఏకైక కారణంగా చూపడం కష్టం.

4. రెండో వాదానికి సాధారణంగా చూపే సాక్ష్యం కాషాయం. ప్రచార రోజుల్లో ఖాకీ తొడిగిన మనిషి అధికారంలో కాషాయం ధరించడం వాస్తవమే. కానీ వస్త్రం కంటే శాసనం గట్టి సాక్ష్యం. దానికి తేదీ ఉంటుంది, పాఠం ఉంటుంది, న్యాయస్థానం పరీక్ష ఉంటుంది.

1987 నాటి 30వ నంబరు దేవాదాయ చట్టం ఇక్కడ కీలకం. జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ నివేదిక దరిమిలా వచ్చిన ఈ చట్టం ఆలయాల్లో మిరాశీని, అంటే అర్చకుల వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. తిరుమలలో పైడిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ కుటుంబాలకు తరతరాలుగా ఉన్న హక్కు దీంతో పోయింది. భక్తుడైన పాలకుడు సంప్రదాయాన్ని యథాతథంగా కాపాడతాడన్న ఊహకు ఇది ఎదురు నిలుస్తుంది. అర్చకులు సవాలు చేయగా సుప్రీంకోర్టు ఎ.ఎస్. నారాయణ దీక్షితులు కేసులో 1996 మార్చి 19న చట్టాన్ని సమర్థించింది. రామారావు మరణించి అప్పటికి రెండు నెలలు. పూజా విధానం మతానికి సంబంధించినది, అర్చకుడి నియామకం మాత్రం లౌకిక చర్య అన్నది తీర్పు సారం. 1972 నాటి శేషమ్మాళ్ తీర్పులోనే ఈ విభజనకు పునాది ఉంది.

దీన్ని ఒంటరిగా చూడరాదు. 1984 జనవరిలో ఇదే ప్రభుత్వం గ్రామాల్లో వంశపారంపర్యంగా వచ్చే కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు ఇచ్చింది. మూడింటా దెబ్బతిన్నది పుట్టుకతో సంక్రమించే ఏదో ఒక హక్కే. అందుచేత మిరాశీ రద్దుకు మూలం భక్తిలో కన్నా వంశపారంపర్య అధికారం పట్ల వ్యతిరేకతలో వెతకడం సమంజసమని తోస్తుంది. 1985 ఏప్రిల్ 6న తిరుమలలో ఆయన ప్రారంభించిన నిత్యాన్నదానాన్ని మాత్రం భక్తిగానూ చదవవచ్చు, కిలో బియ్యం పథకానికి తోబుట్టువుగానూ చదవవచ్చు. రెండింటిలో ఒకదాన్ని తోసిపుచ్చే ఆధారం కనిపించదు.

5. ఈ నిర్ధారణను మరో పాలకుడితో సరిచూడవచ్చు. తర్వాత ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి క్రైస్తవులన్నది బహిరంగమే. 1987 చట్టాన్ని సవరించి అర్చక కుటుంబాల హక్కును కొంతమేర పునరుద్ధరించింది 2007లో ఆయన ప్రభుత్వమే. అదే ఏడాది జూన్ 2న వెలువడిన 746, 747 జీవోల క్రమంలో తిరుమలలో అన్యమత ప్రచారాన్ని నిషేధించిందీ ఆ ప్రభుత్వమే. పాలకుడి మతాన్ని బట్టి విధానాన్ని ఊహించే పద్ధతి ఇక్కడ పూర్తిగా తలకిందులవుతుంది. తిరుమలలో అన్యమత ప్రచారం జరుగుతోందన్న ఆరోపణలు అప్పటికే తీవ్రంగా ఉన్నందున, ఆ జీవోలకు కారణం ముఖ్యమంత్రి సొంత విశ్వాసంలో కన్నా ప్రజాభిప్రాయపు ఒత్తిడిలోనే ఉండే అవకాశం ఎక్కువ.