డ్రైవర్ చేయని నేరం

2008 సెప్టెంబరు. లైనక్స్ కెర్నల్ 2.6.27 ఇంకా పరీక్షల దశలో ఉంది. దాన్ని కంపైల్ చేసి రీబూట్ చేసినవాళ్లలో కొందరికి నెట్‌వర్క్ రాలేదు. కేబుల్ బాగానే ఉంది. లాగ్‌లో మాత్రం ఒక ఫిర్యాదు: నెట్‌వర్క్ కార్డులోని ఎన్‌వీఎం చెక్‌సమ్ సరిపోలడం లేదు. కొత్త కెర్నల్‌తో పేచీ అనుకుని పాతదాంట్లోకి వెళ్లారు. అక్కడా అంతే! ఎన్‌వీఎం, అంటే కరెంటు పోయినా చెరగకూడని కార్డు మెమరీ, పాడైపోయింది. సాఫ్ట్‌వేర్ హార్డ్‌వేర్ ప్రాణం తీసింది.

ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ కొడితే కార్డు ఆనవాలు దొరికింది. తయారీదారు సంఖ్య 8086, అంటే ఇంటెల్. నడిపే డ్రైవర్ ఈ1000ఈ. అది కొత్తది, అదే ఏడాది జనవరిలో 2.6.24తో వచ్చింది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు పాత ఈ1000 చేతిలోంచి దీని చేతికి మారాయి కాబట్టి, కెర్నల్ ఆప్షన్లు ఎంచుకునే మెనూకాన్ఫిగ్‌లో దీన్ని ఎంచుకోకపోతే వాటికి నెట్ లేదు. కొత్తవాడి మీదే అందరి వేళ్లూ. గ్రాఫిక్స్ డ్రైవర్నీ కొందరు అనుమానించారు. ఉబుంటు తన పరీక్షా వెర్షన్‌లో ఈ1000ఈని ఏకంగా ఆపేసింది.

అసలు కారణం వెతకాలంటే ఆ కెర్నల్‌ని మళ్లీ మళ్లీ నడపాలి. ఏ ప్రయత్నంలో కార్డు పోతుందో తెలియదు. తెలిసీ తమ యంత్రాలను పణంగా పెట్టిన పరీక్షకుల తెగువే ఈ కథలో నాకు అన్నింటికన్నా గొప్పగా తోస్తుంది. ఈలోగా ఇంటెల్ ఇంజనీర్లు ఆ మెమరీలో రాతలు పడకుండా తాళం వేసే ప్యాచ్ ఇచ్చారు. అక్టోబరు 9న 2.6.27 ఆ తాళంతోనే విడుదలైంది.

చివరికి దొరికింది డ్రైవర్ కాదు, డైనమిక్ ఎఫ్‌ట్రేస్. కెర్నల్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో గమనించే కొత్త సాధనమది. ఫంక్షన్ల చిరునామాలు రాసిపెట్టుకుని, కాసేపాగి వెళ్లి అక్కడి కోడ్‌ను మార్చేది. అయితే మాడ్యూల్ లోడయ్యాక దాని ప్రారంభ కోడ్‌ను కెర్నల్ తీసేస్తుంది. ఖాళీ అయిన ఆ చిరునామాలు ఒక్కోసారి నెట్‌వర్క్ కార్డుకు దక్కేవి. ఇల్లు మారినవాడి పేరిట వచ్చిన ఉత్తరం కొత్తగా దిగినవాడికి అందినట్టు, ఎఫ్‌ట్రేస్ రాత కార్డుకు చేరేది. మార్చేముందు పాత విలువ సరిపోలిందో లేదో అది చూసుకునేది, నిజమే. కానీ అందుకు వాడిన కంపేర్-ఎక్స్ఛేంజ్ ఆదేశం, విలువ సరిపోలకపోయినా చదివినదాన్నే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీలో దానివల్ల నష్టం లేదు. కార్డు రిజిస్టర్లలో మాత్రం ప్రతి రాతా ఒక ఆజ్ఞే.

వారం తిరక్కుండా, అక్టోబరు 15న, 2.6.27.1 వచ్చింది. డైనమిక్ ఎఫ్‌ట్రేస్ ఆప్షన్‌ను ఎవరూ ఎంచుకోలేకుండా ఆపేసింది. డిసెంబరులో వచ్చిన 2.6.28లో ఎఫ్‌ట్రేస్ పద్ధతే మారింది: చిరునామాలను కెర్నల్ నడుస్తుండగా కాకుండా, కంపైల్ చేసేటప్పుడే రాసిపెట్టుకోవడం మొదలైంది.