గోల్డ్ స్టార్ మదర్స్

గోల్డ్ స్టార్ మదర్స్ (బంగారు నక్షత్ర మాతలు) అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో సైనిక సేవలో కుమారుని గాని కుమార్తెను గాని కోల్పోయిన తల్లులకు గల గౌరవ నామము. వీరి ప్రధాన సంస్థ 'అమెరికన్ గోల్డ్ స్టార్ మదర్స్' 1928లో ఏర్పడింది.

పేరు వెనుక చరిత్ర

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917 నుండి, సైన్యంలో చేరినవారి ఇంటి కిటికీకి ఒక పతాకాన్ని వ్రేలాడదీసే ఆచారం మొదలైంది. సేవలో ఉన్న ఒక్కొక్కరికి ఒక్కొక్క నీలి నక్షత్రం ఉండేది. ఆ వ్యక్తి మరణిస్తే నీలి నక్షత్రంపై బంగారు నక్షత్రాన్ని కుట్టేవారు. వీధిన పోయేవారికి ఆ ఇంటి దుఃఖం దానివలననే తెలిసేది.

సంస్థ ఆవిర్భావం

వాషింగ్టన్ నగరానికి చెందిన గ్రేస్ డార్లింగ్ సీబోల్డ్ కుమారుడు జార్జి వైమానికుడు. 1918లో ఫ్రాన్స్‌లో అతని ఉత్తరాలు ఆగిపోయాయి. గాయపడినవారిలో కుమారుడు ఉండవచ్చుననే ఆశతో ఆమె సైనిక ఆసుపత్రులకు వెళ్ళి సేవ చేసేది. మరణవార్త నిర్ధారణ అయిన తరువాత కూడా ఆ సేవను మానలేదు. తనవంటి తల్లులను కూడగట్టింది. 1928 జూన్ 4న ఇరవై అయిదుగురు తల్లులు సమావేశమై సంస్థను స్థాపించారు.

సమాధి యాత్రలు

1929 నాటి చట్టం ప్రకారం, 1930-33 మధ్య ఆరు వేలకు పైగా తల్లులు, పునర్వివాహం చేసుకొనని వితంతువులు ప్రభుత్వ ఖర్చుతో ఐరోపా వెళ్ళి తమవారి సమాధులను దర్శించారు. అయితే నల్లజాతి తల్లులను వేరుగా, తక్కువ స్థాయి ఓడలలో పంపారు. కుమారులు ఒకే యుద్ధంలో ప్రాణాలర్పించినా తల్లులను ఒకే ఓడ ఎక్కనీయలేదు. ఈ వివక్షకు నిరసనగా కొందరు యాత్రనే తిరస్కరించారు.

గుర్తింపు

* 1936లో అమెరికా కాంగ్రెస్ తీర్మానం ద్వారా సెప్టెంబరు చివరి ఆదివారాన్ని గోల్డ్ స్టార్ మాతల దినంగా నిర్ణయించారు.
* 1947లో మృత సైనికుల కుటుంబ సభ్యులు ధరించేందుకు ప్రత్యేక చిహ్నాన్ని చట్టబద్ధం చేశారు. ఊదా రంగుపై బంగారు నక్షత్రం దీని రూపము.
* 1948లో తపాలా బిళ్ళ విడుదలైంది.

సభ్యత్వ వివాదం

అమెరికా పౌరురాలు కాని తల్లికి సంస్థలో సభ్యత్వం ఉండేది కాదు. ఆఫ్ఘనిస్తాన్‌లో కుమారుని కోల్పోయిన ఒక ఫిలిప్పీన్స్ దేశస్థురాలి దరఖాస్తును 2005లో తిరస్కరించగా విమర్శలు వచ్చాయి. అదే ఏడాది సంస్థ ఆ నిబంధనను తొలగించింది.