సముద్రం దాటని ద్వీపాంతరం

ఆ తాటిమట్ట కాస్త లోపలికి నెట్టరా, పొగంతా నా కళ్ళలోకే వస్తోంది. ఏంటీ, అండమాన్‌కి ఆడవాళ్ళని కూడా పంపేవారా అనా? పంపేవారే! మీరు సినిమాల్లో చూసే సెల్యులార్ జైలు ఉందే, అది మగాళ్ళది. అది కట్టడం పూర్తయింది 1906లో. పోర్టుబ్లెయిర్‌లో ఖైదీలను దించడం మొదలైంది మాత్రం 1858లోనే. ఆడవాళ్ళ జైలు వేరే ఉండేది, సౌత్ పాయింట్ అనే చోట. మన మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు పోయేవి. సావర్కర్‌ని 1911లో తీసుకెళ్ళిన 'మహారాజా' స్టీమరు అక్కడే బయల్దేరింది.

ఏం నేరాలా? మొగుణ్ణి చంపిందనో, కన్నబిడ్డని చంపుకుందనో. ఆలోచించు. పదేళ్ళు నిండకుండా పెళ్ళి చేస్తారు, పన్నెండేళ్ళకి బొట్టు చెరిపి మూల కూర్చోబెడతారు. ఆ పిల్లకి కడుపొస్తే, కారణమైనవాడు పంచె దులుపుకుని వీధిలోకి పోతాడు. బిడ్డని బావిలో పడేసిన పిల్ల ఓడెక్కుతుంది. అక్కడ మగఖైదీలు వేలల్లో, ఆడవాళ్ళు వందల్లో. అందుకని దొరలు ఒక పద్ధతి పెట్టారు. ఐదేళ్ళు జైల్లో గడిపిన ఆడమనిషి, సొంతంగా సేద్యం చేసుకుంటున్న ఖైదీని పెళ్ళాడి బయటికి పోవచ్చు. పెళ్ళిచూపులు జైలు ముంగిట్లోనే. వరసగా నిలబెట్టి చూపించేవారట. అలా కాపురాలు పెట్టిన పేటకి షాదీపూర్ అని పేరు, ఇప్పటికీ ఉంది. పెళ్ళాడితే పదిహేనేళ్ళకి మొగుడితో కలిసి దీవి వదలొచ్చు, లేకపోతే ఇరవై ఏళ్ళుండాలి. ఘోరమే, కాదనను. కానీ దానికో లెక్కుంది చూశావా? ఐదు, పదిహేను, ఇరవై. వేళ్ళు మడుచుకుంటూ కూర్చోవచ్చు.

మా మామ్మకి ఆ లెక్క కూడా లేదు.

ఆవిడ ఎవర్నీ చంపలేదు, ఏమీ దొంగిలించలేదు. కోర్టు మెట్లెక్కలేదు. సముద్రమూ దాటలేదు. ఇదిగో, బాపట్లకీ చీరాలకీ నడుమ ఈ స్టువర్టుపురంలోనే ఖైదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల, అప్పటికి చంకలో మా నాన్న.

మొదట్నుంచీ చెబితేగానీ అర్థం కాదులే. మనవాళ్ళు ఉప్పు ఎరుకలవాళ్ళు. చినగంజాం, నిజాంపట్నం కొటార్లలో ఉప్పు ఎత్తి, గాడిదల మీద, ఎద్దుల మీద పెరికెలు వేసుకుని మెట్ట ఊళ్ళకి పోయేవాళ్ళు. ఉప్పు ఇచ్చి జొన్నలో, మిరపకాయలో తెచ్చుకునేవాళ్ళు. కుంచె ఎరుకలవాళ్ళు చీరాల సాలెవాళ్ళకి పడుగు రాసే కుంచెలు కట్టేవారు. దబ్బ ఎరుకలవాళ్ళు బుట్టలల్లేవారు. ఆడవాళ్ళు గద్దె బుట్ట చంకనేసుకుని సోది చెప్పేవారు. ఒక్కచోట ఉండరు, నిజమే. ఉంటే ఉప్పెవరు మోస్తారు?

1805లోనే మద్రాసు రాజధానిలో ఉప్పు సర్కారు సొత్తయింది. 1890ల చివరికి బెజవాడ నుంచి మద్రాసుకి రైలు వేశారు. ఒక్క వ్యాగన్ మోసే ఉప్పుకి ఎన్ని గాడిదలు కావాలో మీరే లెక్క కట్టండి. బేరం పోయింది, తిరుగుడు మిగిలింది. ఇల్లూవాకిలీ లేకుండా తిరిగేవాడు సర్కారు కంటికి దొంగే. మనలో దొంగలు లేరా? ఉన్నారు, ఎందుకు లేరూ! కడుపు కాలితే ఏ కులంలో లేరు? కానీ ఒకడి దొంగతనానికి ఊయల్లో పిల్లని కూడా జమకట్టిన చట్టం మరొకటి నాకు తెలీదు. నేరస్థ జాతుల చట్టం. 1871లో ఉత్తరాదిన పెట్టి, 1911లో మనకీ తగిలించారు. కులంలో పుట్టడమే ముద్దాయి కావడం.

1913లో ఈ సెటిల్‌మెంటు పెట్టారు. మద్రాసు సర్కారులో హోం మెంబరు హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఊరి పేరు. నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. కృష్ణ ఒడ్డున సీతానగరంలో ఇంకోటి. బడి పెట్టారు, ప్రార్థన నేర్పారు, భూములిచ్చారు. నేను చదువుకుని పంతులమ్మనయ్యానంటే ఆ బడి చలవే, ఆ మాట దాచను. కంచె మాటా దాచను.

మామ్మ వేలిముద్రల రోజు సంగతి ఎన్నిసార్లు చెప్పేదో! పది వేళ్ళూ సిరా పూసి కాగితం మీద దొర్లించాలి. ఉప్పు బేరం పోయాక మామ్మా వాళ్ళూ బుట్టలల్లి బతికారు. వెదురు బద్ద చీరేటప్పుడు బొటనవేలే దానికి దారి చూపాలి. బద్ద అంచు కత్తికన్నా పదును. చీరి చీరి ఆవిడ వేళ్ళ కొసలన్నీ గాట్లు పడి గరుకు తేలాయి. ముద్ర వేస్తే గీతలు రాలేదు, మసి మరకలే వచ్చాయి. గుమస్తా చెయ్యి కడుక్కు రమ్మన్నాడు. మళ్ళీ వేస్తే మళ్ళీ మరకే. "ఏమే, గీతలు ఎక్కడ దాచావ్?" అన్నాడట. సోది చెప్పే ఇంటి పిల్ల కదా, ఊరుకోలేదు. "నీ చెయ్యి ఇటివ్వు సామీ, అందులో ఉన్నాయేమో చూస్తా" అంది. వెనకున్న ఆడవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. ఆ నవ్వుకి మామ్మని సాయంత్రం దాకా ఎండలో నిలబెట్టాడు.

ఇక ఊరు దాటాలంటే పాసు. ఎక్కడికి, ఎందుకు, ఏ పూటకి తిరిగి రావాలి, అన్నీ రాసిచ్చేవారు. రాత్రి హాజరు వేరే. ఆరేళ్ళు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసి వేరే బళ్ళలో పెట్టొచ్చని చట్టంలోనే ఉంది. షాదీపూర్ ఆడదానికి పెళ్ళాడి పొయ్యి పెట్టుకునే దారి ఇచ్చారు. ఇక్కడ పెట్టుకున్న పొయ్యి దగ్గర్నుంచే పిల్లల్ని లాగారు. పాసు మీద చీరాల ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీకి పనికి పోయే ఆడవాళ్ళు ఒళ్ళంతా ఆకు వాసనతో తిరిగొచ్చేవారు. ఎంత తోమినా చేతుల నలుపు పోయేది కాదు.

అసలు అండమాన్ కూడా మనవాళ్ళ లాంటి వాళ్ళని తప్పించుకోనివ్వలేదు. 1926 ప్రాంతంలో ఉత్తరాది భాంతూ కుటుంబాలను ఆడా మగా పిల్లలతో సహా ఓడెక్కించి, ఫెరార్‌గంజ్ అనే చోట దించారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీయే. అంటే అక్కడి దీవీ ఇక్కడి సెటిల్‌మెంటూ ఒక తాడుకే రెండు కొసలు.

మామ్మకో చెల్లెలుండేది, నిజాంపట్నం పక్కన ఇచ్చారు. అక్కడి మునసబు మంచివాడో, మతిమరుపువాడో, వాళ్ళ పేర్లు రిజిస్టరుకెక్కలేదు. అక్కచెల్లెళ్ళ నడుమ ఎంత దూరం? ఎంతోలేదు. తెనాలిలో దిగి, 1916లో పడ్డ రేపల్లె లైను బండెక్కి, వేమూరు, భట్టిప్రోలు దాటితే రేపల్లె. అక్కణ్ణించి ఎద్దుబండి. చెల్లెలి పురిటికి పాసు అడిగితే రెండు రోజులకిచ్చారు. పోను ఒకరోజు, రాను ఒకరోజు, బిడ్డని ఎత్తుకునేదెప్పుడు? ఇంకోసారి తోవలో ఒక ఊళ్ళో బండి తప్పిపోయి, గడువు దాటిందని ఎవరో జవాను పట్టుకుంటే ఆ రాత్రి ఠాణాలో ఉంది. అప్పట్నుంచీ పాసు అడగడమే మానేసింది.

1947లో మద్రాసు సర్కారు ఆ చట్టం తీసేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం పోయిందేగానీ పేరెక్కడ పోయింది! 1974లో హేమలతా లవణం గారు, కవి జాషువా గారి కూతురు, మన గడపలకొచ్చి కూర్చుని మాట్లాడేదాకా బయటివాళ్ళు మనతో నేరాలే మాట్లాడేవారు. 1991లో మన ఊరి పేరుతో చిరంజీవి సినిమా వచ్చాక, రైల్లో ఏ ఊరని అడిగితే మీ నాన్న బాపట్ల అనేవాడు. నేను మాత్రం ఊరి పేరే చెప్పేదాన్ని, పక్కనున్నవాళ్ళు సంచీ దగ్గరికి లాక్కుంటే నవ్వొచ్చేది.

ఆఁ, మామ్మ సంగతి. చట్టం పోయిందని దండోరా విన్న మర్నాడే బయల్దేరింది, నన్ను చంకనేసుకుని. తెనాలి ప్లాట్‌ఫాం మీద ఖాకీ కనిపిస్తే చాలు, అడక్కుండానే టిక్కెట్టు చాపింది. ఎర్రచొక్కా కూలీకి కూడా చూపించింది! చెల్లెలు గుమ్మంలో చూసి కావలించుకోకముందే, "ఏ పూటకి పోవాలక్కా?" అంది. "పోను" అంది మామ్మ. నెల దాటింది, రెండో నెల పడింది. ఉప్పు కొటారు దగ్గరికి పోవడం, రేవులో చేపలకి బేరమాడటం, ఆ ఇంట్లో బియ్యం ఎసట్లో పడేదాకా కబుర్లు. చివరికి చెల్లెలి కోడలే, "పెద్దత్తా, మీ ఊళ్ళో బుట్టల పని ఆగిపోతుందేమో" అని సన్నగా అందట. దానికి మామ్మ, "ఆగనీ" అని, ఇంకో వారం ఉంది.