మజ్‌హబ్ కాదు, మక్సద్: రెండు కలంకారీల కథ

తిరుమల కొండ దిగిన యాత్రికుల్లో చాలామంది ఊరికి పోయే ముందు శ్రీకాళహస్తి బస్సెక్కుతారు. తిరుపతి నుంచి సుమారు 40 కిలోమీటర్లు. గుడి చూసుకుని, వీలైతే బజారులో ఒక కలంకారీ బట్ట కొనుక్కుంటారు. దానిమీద రాముడుంటాడు, సీత ఉంటుంది, శివుడుంటాడు. చూస్తే గుడి కళ. దాని పేరు మాత్రం మన ఇంటి మాట. ఖలమ్ అరబీ, కారీ ఫార్సీ. కలంతో చేసే పని అని అర్థం.

ఈ పేరు చుట్టూ రెండు దావాలు వింటుంటాం. మనవాళ్ళలో కొందరు, 'అది అసలు మనదే, సుల్తానులు తెచ్చిందే' అంటారు. అవతల కొందరు, 'గుడి బొమ్మలతో సాయిబులకేం పని' అంటారు. రెండింట్లోనూ సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే రెండు ఊళ్ళ బట్టల్ని పక్కపక్కన పరిచి చూడాలి. ఒకటి శ్రీకాళహస్తిది, రెండోది మచిలీపట్నానిది. రెండింటి పేరూ కలంకారీయే. రంగుల హునర్ కూడా చాలావరకు ఒకటే. దిల్ మీద చేసే అసర్ మాత్రం పూర్తిగా వేరు.

ముందు శ్రీకాళహస్తి. అక్కడి పాత తెలుగు మాట 'వ్రాతపని'. కోరా బట్టను కరక్కాయ కలిపిన గేదె పాలలో నానబెట్టి ఆరేస్తారు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసుకుంటారు. ఆ తర్వాత అసలు కలం చేతికొస్తుంది. వెదురుపుల్ల మొన చెక్కి, దానికి కొంచెం పైన ఉన్నో గుడ్డో చుట్టి దారంతో కట్టిన కలం అది. చుట్టిన ఉన్ని రంగును పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే మొనలోకి దిగుతుంది. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడితే నల్లరంగు వస్తుంది. ఎరుపు కావలసిన చోట ముందు పటిక పూసి, తర్వాత మంజిష్ఠ, చిరివేరు లాంటి వేళ్ళ రంగులో ఉడికిస్తారు. నీలానికి నీలిమందు, పసుపుకు కరక్కాయ పువ్వు. ఒక్కో రంగుకూ మళ్ళీ మళ్ళీ పారే నీళ్ళలో జాడించాలి. ఊరి పక్కన స్వర్ణముఖి పారడం ఆ పనికి అలా కలిసొచ్చింది.

ఆ బట్ట చూడండి. మధ్యలో ఒక పెద్ద ఘట్టం, చుట్టూ వరసలు వరసలుగా చిన్న ఘట్టాలు. చాలా బట్టల్లో ప్రతి వరస కింద తెలుగులో రాత ఉంటుంది. ముఖాల్లో కళ్ళు పెద్దవి, గీత మందం, నగల మీద ముత్యాల్లాంటి తెల్ల చుక్కలు. ఎక్కడా ఖాళీ ఉండదు. ఈ గీత వెనక లేపాక్షి ఉంది. 16వ శతాబ్దంలో విజయనగర రాజుల కాలంలో అక్కడి వీరభద్ర స్వామి గుడి పైకప్పు మీద గీసిన చిత్రాల్లోనూ ఇలాగే మనుషులు బారులు తీరి నిలబడతారు. కథ ఒక చివర మొదలై ఇంకో చివరికి నడుస్తుంది. గోడ మీది కథను బట్ట మీదికి దించితే దాన్ని మడిచి భుజాన వేసుకుని ఊరూరా తిప్పవచ్చు. కథ చెప్పేవాడు ఒక్కో బొమ్మనూ చూపిస్తూ పాడతాడు. జనం ముందు నిలబడి వింటారు.

ఇప్పుడు మచిలీపట్నం. అక్కడి మాట 'అద్దకం'. నేటి పనంతా టేకు అచ్చులతో. పక్కనున్న పెడన దానికి పెద్ద మర్కజ్. గీతకొక అచ్చు, లోపలి రంగుకొక అచ్చు. వాటిని చేత్తో అద్దుతూ పోతారు. తీగలు, పూలు, బూటాలు, నెమళ్ళు, మామిడి పిందెలు, సర్వ్ చెట్లు. అక్కడ కథ లేదు, వరస ఉంది. ఒక పువ్వు వందసార్లు వస్తుంది. కన్ను ఎక్కడ మొదలుపెట్టినా ఫరక్ పడదు, ఎక్కడ ఆపినా ఏదీ తెగదు.

ఈ రెండు అసర్లూ మనకు కొత్తవి కావు. శ్రీకాళహస్తి బట్ట ముందు నిలబడితే నాకు మర్సియా యాదికొస్తుంది. మర్సియాలో కర్బలా మొత్తం ఒక్కసారిగా రాదు. రుఖ్సత్ వస్తుంది, దాహం వస్తుంది, జంగ్ వస్తుంది. ఒక్కో మెట్టూ ఎక్కుతూ గమ్ పెరుగుతుంది. అశోకవనంలో సీత ఉన్న వరస దగ్గరికి చేరేసరికి ఆ పెద్ద కళ్ళు ఎందుకంత పెద్దవో తెలుస్తుంది. దూరాన కూర్చున్న ముసలామెకు కూడా ఆ దుఃఖం కనబడాలి, అందుకు. మచిలీపట్నం బట్టది తస్బీహ్ పద్ధతి. ఒక పూస జరిగితే ఇంకో పూస, అదే మాట, అదే లయ. అక్కడ ఉద్రేకం లేదు, సుకూన్ ఉంది. మొదటి బట్ట మనిషిని నిలబెట్టి కథలోకి లాక్కుపోతుంది. రెండోది గదిలో ఒక మూల ఉండి గది మొత్తాన్ని చల్లబరుస్తుంది.

ఇక్కడ చాలామంది తొందరపడి ఒక తీర్పు ఇస్తారు. 'హిందువులది కాబట్టి అక్కడ బొమ్మలు, ముస్లింల చెయ్యి తగిలింది కాబట్టి ఇక్కడ పూలు.' వినడానికి బాగుంటుంది. తారీఖ్ మాత్రం ఒప్పుకోదు. తస్వీర్ విషయంలో మన ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది, ఆ మసలా తేల్చడం నా పని కాదు. కానీ గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఈ తీరంలో తయారైన ఖరీదైన కలంకారీల మీద మనుషులు నిండుగా ఉన్నారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1640–50 నాటిదని చెప్పే రుమాల్ ఒకటి ఉంది. ఇరానీ లిబాస్‌లో, దక్కనీ లిబాస్‌లో మనుషులు, వేట, తోట. అది అబ్దుల్లా కుతుబ్‌షా పాలన (1626–1672). అంటే ఒక ముస్లిం సుల్తాన్ రాజ్యంలో, దర్బారు షౌక్‌కు తగినట్టు కారీగర్లు మనుషుల్ని గీశారు, అదీ కలంతోనే. అదే తీరం నుంచి ఇరాన్‌కు పోయే బట్టల మీద మెహ్‌రాబ్, దాని లోపల పూలచెట్టు గీశారు, ఎందుకంటే కొన్నవాడు వాటిలో కొన్నింటిని నమాజుకు పరుచుకుంటాడు. ఇక్కడ 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు కోఠీలు పెట్టాక, యూరప్ దొరసానుల పడకగదులకు తగిన పూలతీగలు కూడా గీశారు.

కాబట్టి ఈ రెండు శైలుల్ని విడదీసింది మజ్‌హబ్ కాదు, మక్సద్. బట్ట ఎందుకు, ఎవరి ముందు పరచడానికి అన్న ప్రశ్నే గీతను నిర్ణయించింది. కథ చెప్పాలంటే ముఖం కావాలి, కళ్ళు కావాలి, వరస కావాలి. కూర్చోవాలన్నా, కప్పుకోవాలన్నా, సజ్దా చెయ్యాలన్నా పువ్వు కావాలి. శ్రీకాళహస్తి కలం కింద యేసు కథ కూడా బట్ట మీదికొచ్చింది. అడిగినవాడి కథ మారినా కథ చెప్పే ఆ పెద్ద కళ్ళు మారలేదు.

అవతలివాడి ఎహతియాత్‌ను గుర్తుంచుకుని గీయడం మన వైపు కొత్త కాదు. తిరుమల వెంకన్నకు బీబీ నాంచారి ఉందన్న కథ మన ఇలాకాలో అందరికీ తెలుసు. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లిం కుటుంబాలు పోయేది ఆ రిష్తా పేరు మీదే. ఇలాంటి కథే శ్రీరంగంలో తులుక్క నాచ్చియార్‌ది. ఆ గుడిలో ఆమెకు విగ్రహం లేదు, గోడ మీద చిత్రం ఉంది. ముస్లిం ఇంటి పిల్లకు విగ్రహం పెట్టకూడదని అలా గీశారని చెబుతారు. కథ ఎంతవరకు తారీఖ్ అన్నది వేరే బహస్. ఆ గోడ మీద ఉన్న అదబ్ మాత్రం కంటికి కనిపిస్తుంది.

ఇక ఆ పేరు సంగతి. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాక దర్బారు పోయింది. ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లాండు 1700లో, మళ్ళీ 1721లో మన రంగుబట్టల మీద కానూన్లు తెచ్చాయి. ఆ తర్వాత మిల్లు బట్ట వచ్చింది. మచిలీపట్నంలో పని బతికింది, కానీ అచ్చుతో. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో ఇవాళ్టికీ ఈ బట్టను 'ఖలమ్‌కార్' అనే పిలుస్తారు, అక్కడా పని అచ్చులతోనే. ఫార్సీ మాట్లాడే ఊళ్ళో మాట మిగిలింది, కలం పోయింది. ఆ మాటకు అర్థం ఇవాళ నిలబెడుతున్నది శివుడి గుడి పక్కన కూర్చుని రామాయణం గీసే శ్రీకాళహస్తి కారీగర్లు. 'మనదే' అని దావా చేసేవాళ్ళూ, 'మీకేం పని' అని అడిగేవాళ్ళూ ఈ ఒక్క సంగతి దగ్గర కాసేపు ఆగాలి.

వాళ్ళు కూడా తేలిగ్గా నిలబెట్టలేదు. 20వ శతాబ్దం సగానికి అక్కడ పని దాదాపు ఆగిపోయే దశకు వచ్చింది. 1950ల్లో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం వచ్చాక షాగిర్దులు మళ్ళీ తయారయ్యారు. తండ్రి లక్ష్మయ్య దగ్గర నేర్చుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి ఈ హునర్‌కు పెద్ద ఉస్తాద్ అయ్యారు. 2008లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రెండు ఊళ్ళ కలంకారీలకూ భౌగోళిక గుర్తింపు ఉంది.

అయినా రోజీ మీద దెబ్బ ఆగలేదు. యంత్రం మీదో స్క్రీన్ మీదో కొట్టిన బట్టను ఇదే పేరుతో చవగ్గా అమ్ముతున్నారు. కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. కలం పనిలో ఒకే గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది, ఏ రెండు ముఖాలూ అచ్చంగా ఒకేలా ఉండవు. చేతి అద్దకంలో రెండు అచ్చులు కలిసే చోట కొంచెం తేడా పడుతుంది. ఏ తేడా లేకుండా మొత్తం ఒకేలా మెరుస్తుంటే అది ఈ రెండు ఊళ్ళ మెహనత్ కాకపోవచ్చు.

మన ఇళ్ళల్లో గోడకు బొమ్మలు పెట్టుకోం. ఫర్వాలేదు, మచిలీపట్నం దస్తర్‌ఖ్వాన్ పరుచుకోండి. శ్రీకాళహస్తి కారీగర్లు కూడా అడిగితే చెట్టు, నెమలి, పూలతీగ గీస్తారు. అది ఇంటికి తెచ్చుకోండి. పిల్లలు 'ఇదేమిటి' అని అడిగితే ఖలమ్ అన్న మాటకు అర్థం చెప్పండి, ఆ కలం పట్టుకున్న చెయ్యి ఎవరిదో కూడా చెప్పండి.