పొఖరాలో కూలిన యతి 691

నేపాల్‌లోని పొఖరాలో కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం 2023 జనవరి 1న మొదలైంది. రెండు వారాలు తిరిగేసరికి, జనవరి 15న, కాఠ్‌మాండూ నుంచి వచ్చిన యతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ 72-500 విమానం అక్కడ దిగబోతూ సేతి నది లోయలో కూలిపోయింది. 68 మంది ప్రయాణికులు, నలుగురు సిబ్బంది మరణించారు. మృతుల్లో ఐదుగురు భారతీయులు. ఒకప్పుడు కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ నడిపిన విమానమే ఇది. 1992లో కాఠ్‌మాండూ దగ్గర పాకిస్తాన్ విమానం కూలి 167 మంది చనిపోయాక నేపాల్‌లో విమాన ప్రమాదాల్లో అత్యధిక ప్రాణనష్టం ఇదే.

ఆ ఉదయం ఆకాశం తేటగా ఉంది. ఎడమ సీటులోని కెప్టెన్ కొత్త విమానాశ్రయాన్ని అలవాటు చేసుకుంటుండగా, కుడి సీటులో శిక్షకుడైన కెప్టెన్ పర్యవేక్షిస్తున్నారు. ముందుగా కేటాయించిన 30వ నంబరు రన్‌వేకు బదులు పైలట్లు 12వ నంబరు రన్‌వే అడిగారు. దానికి నేల దగ్గరపడుతున్న సమయంలో ఎడమకు గట్టి మలుపు తిప్పాలి.

ఏటీఆర్ కాక్‌పిట్‌లో ఫ్లాప్‌ల లీవర్ పక్కనే రెండు కండిషన్ లీవర్లు ఉంటాయి. ఫ్లాప్‌లు 30 డిగ్రీలకు దించమని నడుపుతున్న పైలట్ చెప్పగా, రెండో పైలట్ ఈ కండిషన్ లీవర్లను ‘ఫెదర్’ స్థానానికి లాగారు. ఆ స్థానంలో ప్రొపెల్లర్ రెక్కలు గాలికి అంచు చూపేలా తిరిగిపోతాయి. ఇంజిన్ చెడిపోయినప్పుడు గాలి నిరోధం తగ్గించడానికి పెట్టిన ఏర్పాటు అది. ఆ రోజు రెండు ఇంజిన్లూ పనిచేస్తూనే ఉన్నా ముందుకు తోసే బలం పోయింది.

లీవర్లను తిరిగి యథాస్థానానికి తేవడానికి దాదాపు నిమిషం వ్యవధి ఉంది. ల్యాండింగ్‌కు ముందు చెక్‌లిస్టు చదివినా తప్పు బయటపడలేదు. పవర్ రావడం లేదని నడుపుతున్న పైలట్ పదేపదే చెప్పి, చివరికి నియంత్రణను శిక్షకుడికి అప్పగించారు. పవర్ లీవర్లను ముందుకు తోశారే తప్ప కండిషన్ లీవర్లను ఎవరూ చూడలేదు. వేగం పడిపోయి, రెక్కలు విమానాన్ని మోయలేని ‘స్టాల్’ స్థితి గురించి హెచ్చరిక మోగి, విమానం ఎడమకు ఒరిగి లోయలో పడింది.

నేపాల్ ప్రభుత్వ దర్యాప్తు సంఘం 2023 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. లీవర్ పొరపాటే కారణమని తేల్చినా అక్కడితో ఆగలేదు. కొత్త విమానాశ్రయంతో పెరిగిన పని ఒత్తిడి, చాలినంత శిక్షణ లేకపోవడం, పైలట్ల మధ్య సమన్వయ లోపం తోడయ్యాయని పేర్కొంది. చేయి తప్పిన క్షణం ఒక్కటే అయినా, దాన్ని పట్టుకోవాల్సిన ఏర్పాట్లన్నీ విఫలమయ్యాయి.