మోకా ఎవరి ఊరు?

'మీ ఇళ్లలో కాఫీ కూడా తాగుతారా?' అని మమ్మల్ని అడిగినవాళ్లున్నారు. తురకలంటే చాయ్, ఇరానీ హోటలు. కాఫీ అంటే ఇత్తడి ఫిల్టరు, మడి వంటిల్లు. తెలుగు కథల్లో కాఫీ వాసన ఏ ఇళ్లలోంచి వస్తుందో చదివేవాళ్లకు తెలుసు. అందుకే ఈ చరిత్ర మేం చెప్పుకోవలసి వస్తోంది.

మా పొయ్యి దగ్గర్నుంచే మొదలుపెడతాం. పొయ్యి మీద ఎనిమిది పలకల అల్యూమినియం కూజా ఉంది. అడుగున నీళ్లు, మధ్య చిల్లుల గిన్నెలో పొడి. నీళ్లు వేడెక్కితే ఆవిరి ఒత్తిడికి అవి పొడిలోంచి పైఅరలోకి ఎక్కి చిక్కటి కాఫీ అవుతాయి. 1933లో ఇటలీలో అల్ఫోన్సో బియలెట్టి దీన్ని అమ్మకానికి తెచ్చాడు. పేరు మోకా.

మోకా ఇటలీ ఊరు కాదు. యెమెన్‌లో ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న రేవు. 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రంతా జిక్ర్ చేస్తూ నిద్ర ఆపుకోవడానికి ఖహ్వా తాగేవాళ్లు. ఆ ఖహ్వాయే లోకం నోళ్లలో నలిగి కాఫీ అయింది. తర్వాత రెండు వందల ఏళ్లు లోకానికి కాఫీ గింజలు పంపిన పెద్ద రేవు మోకాయే.

మావాళ్లంతా దీన్ని చేతులు చాచి తీసుకున్నారనీ చెప్పం. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే అధికారి ఖహ్వా హరామన్నాడు. తాగేవాళ్లు ఊరుకోలేదు, వాదించారు. ఆ నిషేధం నిలవలేదు. 1558లో అల్ జజీరీ ఆ గొడవంతా గ్రంథంగా రాసిపెట్టాడు. ఫత్వాలతో తగవు పడ్డవాళ్లు మా చరిత్రలో కొత్తగా పుట్టినవాళ్లు కారు.

ఇటలీవాళ్లు చేసిందీ చిన్న పని కాదు. 1884లో ట్యూరిన్‌లో ఆంజెలో మొరియోండో ఆవిరి యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1901లో మిలన్‌లో లుయిజి బెజ్జెరా ఒక్కో కప్పు అప్పటికప్పుడు దిగేలా దాన్ని మార్చాడు. అప్పటి ఆవిరి ఒత్తిడి తక్కువ, కాఫీ మాడు రుచి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అకిల్లె గాజ్జా లీవరు మిషను తెచ్చాడు. ఆవిరి పోయి స్ప్రింగు బలం వచ్చింది. ఒత్తిడి వాతావరణ పీడనానికి తొమ్మిది రెట్ల దాకా పెరిగింది. కాఫీ మీద బంగారు రంగు నురగ మొదటిసారి కట్టింది. మోకా కూజాలో అంత ఒత్తిడి రాదు, అంత నురగా కట్టదు. అది అసలు ఎస్ప్రెస్సో కాదనేవాళ్ల మాట నిజమే.

ఇప్పుడు మాలో కొందరి ఇళ్లకు చిన్న మిషన్లు వచ్చాయి. 18 గ్రాముల పొడితో పాతిక ముప్ఫై సెకన్లలో 36 గ్రాముల కాఫీ దించితే మామూలు ఎస్ప్రెస్సో. పొడి అంతే ఉంచి 20, 25 గ్రాముల దగ్గరే ఆపితే రిస్త్రెట్టో. చిక్కగా ఉంటుంది, చేదు తక్కువ. నీళ్లు సాగనిచ్చి 54 గ్రాములు దాటిస్తే లుంగో. పలచన, చేదు ఎక్కువ. పొడి మరీ ముతకైతే నీళ్లు జారిపోయి కాఫీ పులుస్తుంది. మరీ మెత్తనైతే నీళ్లు దిగక చేదెక్కుతుంది. ఏ రకమైనా గింజ ఒకటే.

ఒకప్పుడు మన పెళ్లిళ్లలో బుస్సుమంటూ ఎక్స్‌ప్రెస్సో పోసేవాళ్లు. ఇన్‌స్టంట్ పొడిలో పాలు పోసి ఆవిరితో నురగ తెప్పించేవాళ్లు. ఇటలీవాడు చూస్తే గుర్తుపట్టడు. అయినా అది మన ఎక్స్‌ప్రెస్సోయే. ఎవరూ దాన్ని పరాయిదనలేదు.

ఆ గింజ ఈ దేశం ఎలా వచ్చింది? 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే ఫకీరు హజ్ నుంచి వస్తూ ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల మీద నాటాడని తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే. అక్కడి గుహకు దత్తాత్రేయుణ్ణి తలచేవాళ్లూ, దాదా హయాత్‌ను తలచేవాళ్లూ కలిసే వెళ్లారు. తర్వాత ఆ గుహ ఎవరిదన్న తగవు కోర్టుకెక్కింది. దత్త జయంతి వస్తే పోలీసు బందోబస్తు పెట్టే దాకా వచ్చింది. కాఫీ అందరిదయింది. తెచ్చినవాడి చోటు మీదే పేచీ.

కాఫీ మాదని మేం అనడం లేదు. ఆ చెట్టు పుట్టిల్లు ఇథియోపియా, మా బిలాల్ పూర్వీకుల హబష్. ఇవాళ మా మోకా కూజాలో పోసే పొడి అరకుది. అక్కడి ఆదివాసీల చెమట అది. పొట్లం మీద 'అరబికా' అని ఉంటుంది. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. అరబ్బు పేరున్న గింజ అరకు మట్టిదేనని సర్కారే రాసిచ్చింది.

మేమూ ఈ మట్టిలోనే పుట్టాం. మా పేర్లు అరబ్బీలో ఉన్నాయి. అంతే. గింజకిచ్చిన కాగితం మనిషిని ఎందుకడుగుతారు?