పింగాణీకి పరుపు



అమ్మాయి విదేశానికి కాపురానికి వెళుతోందంటే మనకు పచ్చళ్ళ జాడీల గురించి అంత బెంగ ఉండదు. అమ్మమ్మ నాటి గాజు దీపం, బొమ్మల కొలువులోని పింగాణీ బొమ్మ పగలకుండా చేరతాయా అన్నదే బెంగ. పాత చీరలు చుడతాం, వరిగడ్డి కూరుతాం. ఈ అవస్థ ఈనాటిది కాదండీ.

పింగాణీకి పుట్టిల్లు చైనా. అక్కడి ఓడల్లో పెద్ద పాత్రలో చిన్నది పెట్టి, సందన్నది లేకుండా సర్దేవారని 1119 నాటి జూ యూ గ్రంథంలోనే ఉంది. అంతకంటే ముచ్చటైన సంగతి 1642లో కాలం చేసిన షెన్ దఫూ అనే రచయిత రాశాడు. పెకింగు నుంచి తిరిగి వెళ్ళే పరదేశపు రాయబారులు పింగాణీని బళ్ళకెక్కించడం ఆయన చూశాడట. పాత్రల్లో మట్టి, గింజలు, గోధుమలు పోసి, కొన్ని పదుల పాత్రలు కలిపి కట్ట కట్టేవారు. తడి చోట ఉంచి నీళ్ళు చల్లేవారు. మనం పెసలు మొలకెత్తించుకోమూ, అలాగే! మొలకలు అల్లుకుని కట్టంతా ఒకే ముద్ద అయ్యేది. అప్పుడు దాన్ని గట్టి నేలమీద పడేసి చూసి, పగలనివాటినే బండికెక్కించేవారు. ఎంత ఓపికో చూడండి! గింజలతో ఇంత పని చేయించవచ్చని నాకైతే ఎన్నడూ తోచలేదు.

సముద్రం మీద సంగతి వేరు. మన మచిలీపట్నంలో కొఠీ పెట్టి వ్యాపారం చేసిన డచ్చి కంపెనీ వారిదే గెల్డర్‌మాల్‌సెన్ అనే ఓడ. కాంటన్‌లో తేయాకు, పట్టు, పింగాణీ, బంగారం ఎత్తుకుని హాలెండుకు బయలుదేరి, 1752 జనవరి 3న దక్షిణ చైనా సముద్రంలో రాతిదిబ్బకు కొట్టుకుని మునిగిపోయింది. ఉన్న 112 మందిలో 32 మందే బతికి బటావియా చేరారు. సామాను కంటే ముందు ఆ తల్లుల్ని తలచుకోవాలి.

తేయాకే కంపెనీకి అసలు లాభం. తడిస్తే చెడని పింగాణీని అడుగున పేర్చి, దానిమీద తేయాకు పెట్టెలు ఎక్కించేవారు. ఓడ మునిగాక ఆ తేయాకే పింగాణీమీద పరుచుకుని పరుపయింది. 1985లో మైకేల్ హాచర్ బృందం తవ్వి తీస్తే, కప్పులు, సాసర్లు, పళ్ళాలు లక్షన్నరకు పైగా దొరికాయి. వాటిని 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేశారు. ఏ వస్తువు ఎక్కడ ఎలా ఉందో సరిగా రాసుకోకుండా తీసేశారని పురావస్తు పండితులు మాత్రం కోప్పడ్డారు. ఆ కోపం న్యాయమేననిపిస్తుంది నాకు. కప్పు దక్కింది గాని, దాని పక్కన ఎవరి పెట్టె ఉండేదో ఇక తెలియదు.